చెల్లెలి గొంతు

అరకులోని ఫోన్ల కొట్టులో, చూపులేని జమున కొట్టు కుర్రాడికి తన ఫోను చాపి నిలబడింది. చనిపోయిన చెల్లెలి గొంతుతో తమ గిరిజన భాష కువిలో మెసేజ్‌లు చదివిపెట్టే యాప్ మూగబోయింది.

“ఏటైంది బాబూ?”

“కంపెనీవోళ్లు ఆపేసినారక్కా.”

“నువ్వు బాగుసెయ్యలేవా?”

“దాని సోర్స్ కోడ్, అంటే యాప్‌ను నడిపే రాత, ఆళ్ల దగ్గరే ఉంది. ఇంకెవరూ ఇప్పకూడదు, మార్చకూడదని లైసెన్సులో రాసుకున్నారు.”

“అందరికీ ఫ్రీ అన్నారు గదా?”

“డబ్బులు తీసుకోలేదు, అంతే. బాగుసేసుకునే హక్కు మనకివ్వలేదు. ఇచ్చుంటే ఎవరో ఒకరం నిలబెట్టుకునేవోళ్లం.”

“ఆ గొంతు మా సెల్లిది బాబూ! మన బాస బతకాలని విశాఖపట్నం ఎల్లి, గొంతు బొంగురుపోయేదాకా ఆళ్ల మైకులో సదివింది.”

కుర్రాడు యాప్‌ను మరోసారి తెరిచి చూశాడు.

“ఆ రికార్డులైనా ఇత్తారేటి?”

“అడుగుదామంటే ఫోనెత్తేవోళ్లే లేరక్కా. తెలుగు గొంతొకటుంది, పెట్టనా?”

“పెట్టు. పన్లు ఆగవు గదా.”

ఊరి నుంచి తెలుగు అక్షరాల్లో వచ్చిన కువి మెసేజ్‌ను ఎవరిదో తెలియని గొంతు విరిచి విరిచి చదివింది. జమునకు ఒక్క మాటా అందలేదు.

“తెలిసిందా అక్కా?”

“తెలిసింది బాబూ,” అని ఆమె ఫోను తీసుకుని, గోడ తడుముకుంటూ బయటికి నడిచింది.