గడియ తియ్యని దారి

శ్రీకాకుళంలో ఓ మేడమీది గది. వేటపడవలకి రేడియో సెట్లు చేసే చిన్న కంపెనీ. మధ్యాహ్నం మూడు. సింధు కంప్యూటర్ ముందు నుంచి లేవలేదు. ఉపేంద్ర గుమ్మం దాటి లోపలికి రాలేదు.

“ఆ తప్పులెతికేది మళ్ళీ ఎందుకు నడపడం? తప్పులు సున్నా అనే వచ్చింది కదా, సింధూ.”

“సున్నా వచ్చిందనే భయం, ఉపేంద్రా. సెట్టులో నడిచే నలభైవేల లైన్ల సీ భాష ప్రోగ్రాంలో ఒక్క తప్పూ లేదా?”

“ఎతికే పేటర్న్ నువ్వే రాసినావు. లాక్ వేసి, తియ్యకుండా ఫంక్షన్లోంచి బయటికొచ్చిన ప్రతి దారీ పట్టుకుంటాదన్నావు.”

“లాక్ అన్న పేరుంటే పట్టుకుంటాది. గడియ అని ఉంటే?”

“ఏటి గడియ?”

“ఇటు సూడు. లాక్‌కి ‘గడియ వెయ్యి’, ‘గడియ తియ్యి’ అని పేర్లెట్టినావు.”

“సరదాకి. కాలేజీ అలవాటు.”

“నా పేటర్నుకి తెలుగు రాదు మరి. ఇప్పుడు నేర్పినాను. నడుపుతన్నాను.”

“వద్దు.”

“ఎందుకు వద్దు?”

“నాలుగ్గంటలకి పడవలు సముద్రంలోకి దిగుతాయి. పన్నెండు పడవలకీ మన కొత్త సెట్లు బిగించీసినాం. టైం లేదు.”

“నాలుగు సెకన్లకి టైం లేదా? ఇదిగో. ఒకటి దొరికింది.”

“ఉత్తుత్తిదయ్యుంటాది. అలాటివి వస్తాయి.”

“ఇను. పడవ ఎక్కడుందో రాసుకున్నంతసేపు ఇంకేదీ అది ముట్టకుండా సెట్టు గడియ వేస్తంది. ఉపగ్రహం సిగ్నల్ అందకపోతే మధ్యలోంచే వెనక్కొచ్చేస్తంది. గడియ తియ్యట్లేదు.”

“అందకపోడం ఎప్పుడో గాని—”

“పడవ ఒరిగినప్పుడు! సాయానికి ఎర్ర బటన్ నొక్కేదీ అప్పుడే కదా. సెట్టు ఆ గడియ కోసం అలా కాసుక్కూకుంటాది. ఒడ్డుకి కేక రాదు.”

“వచ్చేవారం సరిసేసేస్తాను.”

“ఈ వారం ఎవరు మునగాలి?”

“అరవకు.”

“రేవుకి ఫోన్ సెయ్యి. ఆపమను.”

“ఆపితే మన సెట్టు మరెవడూ ముట్టడు, సింధూ. మూడేళ్ళ పని.”

“ముట్టొద్దు. నువ్వు సెయ్యకపోతే రేవులో ధనరాజుకి నేనే సేస్తాను... ఎత్తట్లేదు. నువ్వు మీ నాన్నకి సెయ్యి.”

“నాన్నకెందుకు?”

“ఎందుకేటి? ఆ పన్నెండింట్లో ఆయన పడవా ఉన్నాది. ఆయన సెప్తే మిగతావాళ్ళూ ఆగుతారు.”

“నాన్నకి కంగారేం లేదు.”

“ఆ సెట్టు పెట్టుకుని దిగేవాడికి కంగారు లేకపోడమేటి? ఉపేంద్రా, నన్ను సూసి సెప్పు.”

“నాన్న పడవకి పాత సెట్టే ఉంచీసినాను.”