గంగకి అందరూ అక్కలే

అదేటి సార్ అలగంటారు! నేను దాని సొంత అక్కని. బొర్రా టేసన్లో రైలెక్కిన గుంట మళ్ళీ దిగలేదని, బుట్టతో సహా జీపెక్కి అరకు వొచ్చీసరికి మజ్జానమైపోయింది. ఇప్పుడు పిల్లనివ్వనంటే ఎలగ?

అడిగారు, అవును. "మీ అక్కెవరే గంగా?" అంటే టీ కొట్టు సత్యవతమ్మని సూపించింది. మళ్ళీ అడిగితే టేసను ఊడుస్తున్న ఆవిణ్ణి సూపించింది. పోలీసని కూడా లేదు, మీ ఒళ్ళో కూకుని మీసం లాగుతంది. నా ఎంక సూడనైనా సూడలేదు. మీకు అనుమానం రాకేటవుద్ది!

నవ్వకండి సార్, అది ఎర్రిది కాదు. విశాఖలో డాక్టరమ్మ సెప్పారు. పుట్టుకతోనే జన్యువుల్లో ఓ సిన్న ముక్క లేదంట. మాటలు గలగలా ఆడేస్తది గానీ, మనోళ్ళెవరో పైవోళ్ళెవరో పోల్సుకోలేదంట. కొత్త మనిషంటే బెదురే ఉండదు. ఊళ్ళో తోటి గుంటలేమో ఆటలోకి రానీరు. మీద పడిపోతాదని, అడిగిందే అడుగుతాదని.

"ఎవరి దగ్గరికి వెళ్ళచ్చో, ఎవరి దగ్గరికి వెళ్ళకూడదో రోజూ ఆటలా నేర్పాలమ్మా. అక్కవి, ఆ పని నీదే" అన్నారు డాక్టరమ్మ.

నేర్పాను సార్. ఏటి నేర్పానో సెప్పమంటారా?

సీతాఫలాల బుట్ట పట్టుకుని కిటికీల కాడ నేనెంత అరిసినా ఎవులూ సూడరు. ఇది "అక్కా, బాగున్నావా అక్కా" అని సెయ్యి పట్టుకుంటే సాలు, దసరాకొచ్చిన కలకత్తావోళ్ళు కరిగిపోతారు. బుట్ట బేగి ఖాళీ. అందుకే ఆడమనిషి కనపడితే అక్కా అనమన్నాను. రైలు పెట్టె లోపలికెల్లమన్నాను. ఈయేళ కబుర్లలో పడి దిగలేదు. వోళ్ళు మంచోళ్ళు, తెచ్చి మీకప్పగించారు. కాకపోయుంటే? అమ్మో... ఆ మాట అనకండి సార్.

సాక్ష్యమా? ఒకటుంది. పొద్దుట్నించి ఈ టేసన్లో అది వాటేసుకోని మనిషి లేదు కదా. నన్నొక్కదాన్నే ముట్టుకోలేదు. ఎప్పుడు నా మెడకి సుట్టుకోబోయినా నేనే తోసీసీదాన్ని. "నాకాడేటుందే? అటెల్లు, పెట్టె కాడికి" అని.

అదిగో, రైలు కూత. సూడండి, మీ ఒళ్ళోంచి దిగిపోయింది. నా కాడికే వొస్తంది. రెండు సేతులూ సాపింది...

బుట్టిమ్మంటంది సార్.

ఇప్పుడు నమ్మండి, నేనే దాని అక్కని.