నాలుగో రకం

చాల్లే హిక్మత్, ఇక ఆపు! ఆ షర్బత్ జగ్గు కింద పెట్టు. నా రక్తంలో ఏ జబ్బూ లేదని తేలితే వీధంతా పిలిచి పంచాలా? పొరుగామె ఎవరి పెళ్లని అడుగుతోంది. ఏం చెప్పను?

కూచో. ఎదురుగా వద్దు, పక్కన. నీ మొహం చూస్తే చెప్పలేను.

నీ మొగుడు, నా తమ్ముడు షాబాన్, రక్తం కక్కుకుని పోయి తొమ్మిదేళ్లు. దొంగచాటుగా తాగి కాలేయం పాడుచేసుకున్నాడని నేటికీ అంటావు. వాడు ఒట్టేసినా వినకుండా మంచం గేదెల సావిట్లో వేయించావు. తప్పు పట్టట్లేదమ్మా. నేనూ నీ పక్కనే నిలబడి వాడి నోరు వాసన చూశాను కదా!

నిన్న ల్యాబుకి వెళుతూ, వాడి రేకుడబ్బాలోంచి ఆస్పత్రి కాగితం తీసుకెళ్లాను. నీకు చెప్పలేదు. యాభై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని, "నాలుగో రకం" అని మటుకు చదవగలిగాను. దేనిలో నాలుగోదో తెలియలేదు.

ల్యాబుపిల్ల రాజియా ఎంత ఓపికగా చెప్పిందనుకున్నావు! ఈ కాలేయం తినేసే పురుగు ఉందే, సూదిమొన మీద లక్షలు పట్టేంత చిన్నది, దాంట్లోనూ రకాలట. వరిలో లేవూ, అలాగ! పై దేశాల్లో ఒకటోదీ, మూడోదీ ఎక్కువట. మన నైలు ఒడ్డున నాలుగోది. కంటికి కనపడనిదాని జాడని మిషన్లో పెంచి పెంచి, ఏ రకమో తేల్చేస్తారట. విడ్డూరం కాదూ?

"తాగితే వస్తుందా తల్లీ?" అన్నాను.

నవ్వింది. "తాగుడికి లివరు పాడవుతుంది గానీ పురుగు ఎక్కడ నుంచి వస్తుంది బామ్మా? అది రక్తంలోంచి రక్తంలోకే పోతుంది. చిన్నప్పుడు కాలవజబ్బుకి సూదులు వేయించుకున్నాడా?" అంది.

కాగితం మడిచి పట్టుకుని లేచి వచ్చేశాను.

నువ్వు పట్నం పిల్లవి, చూడలేదు. కాలవలో దిగిన పిల్లలందరికీ మూత్రంలో రక్తం పడేది. వారానికొక సూది, పన్నెండు వారాలు. కాంపౌండర్ బయ్యూమీ వచ్చేవాడు. గాజు సిరంజీలు మరగబెట్టే పని నాది. నాకప్పుడు పద్నాలుగు.

మూడే సిరంజీలు హిక్మత్, నలభై చేతులు! మొదటి మూడూ బాగా మరిగేవి. ఆ తరవాత బయ్యూమీ అరిచేవాడు, "సూదులు మరగబెడుతున్నావా, చిక్కుడు గింజలు ఉడకబెడుతున్నావా?" అని. పెద్దలందరూ నవ్వేవారు. సిగ్గేసి, వేణ్ణీళ్లలో ఒక ముంచు ముంచి ఇచ్చేసేదాన్ని.

చిన్నపిల్లనంటావా? తప్పు బయ్యూమీదంటావా? ల్యాబు నుంచి ఇంటిదాకా ఆ మాటలే చెప్పుకుంటూ వచ్చాను. గుమ్మం ఎక్కేసరికి ఒక్కటీ మిగల్లేదు.

షాబాన్‌కి సూదంటే వణుకు. గాడిద తొట్టి వెనక దాక్కునేవాడు. "అందరిదీ అయ్యాక వేయించుకుందువు లేరా, వాళ్లని చూస్తే నీకే ధైర్యం వస్తుంది" అని నేనే వాణ్ణి వరుస చివర నిలబెట్టాను. పన్నెండు వారాలూ చివరే. ముద్దు చేస్తున్నాననుకున్నాను! అందరి రక్తమూ తగిలిన సూది వాడికి.

నాకా? నాకూ పన్నెండు సూదులే. కానీ పనిచేసే పిల్లనని బయ్యూమీ ముందు నన్నే పిలిచేవాడు. అప్పుడే మరిగిన సూది, మొట్టమొదటిది.

అలా చెయ్యి లాక్కోకు. సరే, లాక్కో.

పొద్దున్నే రొట్టెల పొయ్యి దగ్గర అందరి ముందూ చెబుతాను, షాబాన్ ఒక్క చుక్కా తాగలేదని. వాడిని సావిట్లో పడేసిన పాపంలో నాకూ సగం ఉందని చెబుతాను.

మరి జబ్బెలా వచ్చిందని అడుగుతారంటావా?

అడుగుతారు. అదొక్కటీ చెప్పలేను హిక్మత్. ఆ వరుసలో నిలబడ్డ పిల్లల ఇళ్లవాళ్లందరూ ఆ పొయ్యి దగ్గరే రొట్టెలు కాలుస్తారు.