పొల్ల లేసేలోపల

శుక్రవారం, మధ్యాహ్నం రెండు దాటింది. రాయికల్ పక్క ఊళ్లో బీడీలు చుట్టుకునే మల్లవ్వ, కోరుట్లలో మిద్దె మీద సిల్కీ కోళ్లు పెంచే కల్పనకు ఫోను చేసింది.

"మూడే బిడ్డ. మూడు పిల్లలు పంపు, సాలు. తెల్లయి రెండు, బూడిదది ఒకటి. రెండున్నర బస్సుల ఎక్కియ్యి. కండక్టర్‌కు జెప్పు, నేను స్టేజీ కాడ నిలవడి తీసుకుంట."

"ఆగు పెద్దమ్మా, ఆగు. కోడిపిల్లలేమన్న పెండ్లి కార్డులా, కండక్టర్ చేతుల వెట్టి పంపనీకి? నెల కింద ఏడు పిల్లలిచ్చిన గద. ఆ ఏడేమైనయ్?"

"ఉన్నయి."

"ఏడు ఉన్నయా?"

"నాలుగున్నయి."

"మరి మూడు?"

"లెవ్వు."

"లెవ్వంటే? పిల్లి వట్టిందా, గద్ద తన్నుకపోయిందా?"

"సచ్చినయ్. మూటికి మూడు. ఒకదాని ఎన్క ఒకటి. ఇగ గిది ఇప్పుడు పంచాది వెట్టకు కల్పనా. పొల్ల లేసేలోపల పిల్లలు గంపల ఉండాలె. లేసిందంటే మొఖం గూడ కడుగది, సీదా గంప కాడికే ఉరుకుతది."

"నీ మనుమరాలు బ్లెస్సీ ఇంట్లనే ఉన్నదా? బడి లేదా ఇయ్యాల?"

"పంపలె. పండుకున్నది."

"పగటీలి పండుకునే పొల్లనా అది? మొన్న మా ఇంటికొచ్చి గోడెక్కింది, ట్యాంకెక్కింది, నేను బతిలాడితే దిగింది."

"పొద్దుగాల కక్కింది. జామకాయలు తిన్నది, పచ్చియి. పడలే. ఇగ గట్లనే కన్నంటుకున్నది. పండుకునుడే మంచిగైంది బిడ్డ. లేసి ఉంటే గీ సావులు జూసి ఇల్లు పీకి పందిరేస్తుండె."

"నేను మూడు కాదు ముప్పై పంపినా పట్టేస్తది. ఒక్కొక్కదానికి పేరు వెట్టుకున్నది గద."

"వెట్టుకున్నది. ఇంగ్లీష్ మీడియం పేర్లు. సండే, మండే, గట్ల. ఏడు పిల్లలు, ఏడు వారాలు. వెన్స్‌డే, థర్స్‌డే, సాటర్‌డే పోయినయ్."

"వారంల మూడు రోజులు పోయినయన్నట్టు."

"నవ్వకు."

"నవ్వుతలేను. మరి ఫ్రైడే ఎట్లున్నది?"

"ఉన్నది. తూలుతున్నది."

"మిగతయి?"

"అవి గూడ జర గట్లనే ఉన్నయి. నువ్వు పంపుతవా పంపవా? నాలుగున్నరకు కువైట్ నుంచి కృప వీడియో కాల్ జేస్తది."

"కోడిపిల్లల కోసం జేస్తదా?"

"కోడిపిల్లలుంటేనే పొల్ల మాట్లాడతది! నీకు తెల్వదు. తల్లి అక్కడికి పోయి ఏడు నెలలాయె. ఆరు నెలలు గీ పొల్ల ఫోన్ ముట్టలే. ఇస్తే బోర్లవెట్టేది. 'నన్ను పారేసి పోయినామె ఎవరో నాకు తెల్వదు' అనేది. ఏడేండ్ల పొల్ల అనే మాటనా అది? అక్కడ ఆమె ఏడ్పు, ఇక్కడ నా ఏడ్పు. నీ దూది పిల్లలచ్చినంకనే నోరిప్పింది. ఒకదాన్ని ఒళ్లె వెట్టుకొని, 'అమ్మా, మండే ఇయ్యాల నూకలు తిన్నది' అంటది. చేతుల పిల్ల లేకుంటే మాట లేదు. కృప పనిజేసే ఇంటోళ్లు వారానికొక్కపారే ఫోన్ ఇస్తరు. గీ శుక్రవారం పోతే మళ్ల శుక్రవారమే."

"పొల్ల నాయిన, ప్రేమ్‌సాగర్ అన్న లేడా ఇంటికాడ?"

"ఏడుంటడు? సిరిసిల్లల సాంచలు నడిచిననాడు బట్ట నేస్తడు, బంద్ వడ్డనాడు తంగళ్ళపల్లిల రూముల గోడలు జూసుకుంట కూసుంటడు. ఆదివారమొస్తడు. ఇక్కడ నేను, పొల్ల, నీ కోళ్లు. గంతే."

"సరే పెద్దమ్మా. పంపుత. కానీ రోగమేందో తెల్వకుండ పంపితే, ఎక్కిన బస్సు ఖర్చు దండుగ. అవి గూడ గంపల వడి సస్తయి. అడిగినదానికి సక్కగ జెప్పు."

"అడుగు. జల్ది."

"రెట్ట ఎట్లున్నది?"

"రెట్ట లెక్కనే ఉన్నది."

"రంగు పెద్దమ్మా, రంగు. ఎర్రగ, నెత్తురు కలిసినట్టున్నదా?"

"లేదు."

"అయితే రక్తపారుడు కాదు. తెల్లగ, తోక కింద గట్టిగ అంటుకున్నదా?"

"గది మొదటి వారమే అయింది. నువ్వు జెప్పినట్టు గోరెచ్చని నీళ్ల గుడ్డతోని తుడిచిన. పొల్లనే తుడిచింది, ముక్కు మూసుకొని."

"మెడ తిప్పుకొని మొగులు దిక్కు జూసినయా? కొక్కెర రోగమైతే గట్ల జూస్తయి."

"మెడలేలాడేసినయ్. తిప్పలే."

"ఆ రోగానికి కండ్లల చుక్కలు ఏయించుమన్న గద."

"ఏయించిన. రాయికల్ దవాఖాన్ల. కోడికి చుక్కేస్తే పొల్ల ఏడ్చింది. కోడి ఏడువలే."

"ఒక కాలు ముందటికి, ఒక కాలు ఎన్కకు చాపినయా? సిల్కీలకు గా రోగం జల్ది తలుగుతది. అయితే నా తల తిరుగుతది, అది వస్తే నా మిద్దె మీద గూడ ఏం మిగలవు."

"రెండు కాళ్లు కొట్టుకున్నయ్. గజగజ వణికినయ్."

"వణికినయా? ఎప్పుడు మొదలైంది?"

"పది, పదిన్నర అయితుండొచ్చు."

"తొమ్మిదింటికి?"

"తొమ్మిదింటికి మంచిగనే ఉండె. నూకలు తిన్నయ్. ఒకదాని నెత్తి మీద ఒకటి దునికినయ్."

"గంటలనే? పెద్దమ్మా, ఏ రోగానికైనా ఒక పద్ధతి ఉంటది. ఒక పూట మ్యాత మాన్పిస్తది, ఒక పూట మూలకు కూసోవెడతది, అప్పుడు సంపుతది. గంటల సంపేది రోగం గాదు."

"మరేంది?"

"నువ్వే జెప్పాలె. గంపల బల్బు ఎలుగుతున్నదా?"

"ఎలుగుతున్నది. కరెంట్ పోలే."

"మరి వణుకుడెందుకు? తడిసినయా?"

"..."

"పెద్దమ్మా?"

"ఆఁ. లైన్ కట్టయితున్నది."

"లైన్ మంచిగున్నది. మీ పక్కింట్ల పుంజు కూసేది గూడ నాకినవడుతున్నది. తడిపినవా?"

"జర."

"జరనా? ఇచ్చేటప్పుడు నీకేం జెప్పిన? ఒకటికి పదిసార్లు జెప్పిన. నాటుకోడి ఈక మీద నీళ్లు జారిపోతయి. దీనికున్నది ఈక గాదు, దూది. నీళ్లన్ని పీల్చుకొని తోలుకంటుకుంటది, ఆరనే ఆరది."

"జెప్పినవ్. నేనే అన్న గద అప్పుడు, బొగ్గు మీద దూది కప్పినట్టున్నయని. పైన తెల్లగ, లోపల తోలు నల్లగ."

"గా మాట యాదికున్నది, నేను జెప్పింది యాదికి లేదు. ఎందుకు తడిపినవ్?"

"పేన్లు."

"ఎవలికి?"

"కోళ్లకే. ఎవలికంటవ్? దూదిల మెసులుతున్నయి. పొల్ల పొద్దు మాపు వాటిని ఒళ్లెనే వెట్టుకుంటది, మెడ మీద వెట్టుకుంటది. ఇల్లంత పాకుతయని నా భయం."

"కోడిపేను మనిషి మీద బతుకది పెద్దమ్మా."

"బతుకదా?"

"బతుకది. నాకొక్క ఫోన్ జేస్తే పొడి పంపుతుంటి గద. తడిపే పనే లేదు, సల్లి దులుపుడే."

"నీకు జెప్తే నువ్వు కోళ్లను ఎన్కకు తీసుకపోతవనుకున్న. సగపాలుకిచ్చినవ్. పెరిగినంక సగం నీయి, సగం మాయి. పేన్లు వట్టినయంటే, మల్లవ్వకు పెంచరాదంటవ్. ఇచ్చిన పిల్లలను గుంజుకపోతే గీ పొల్ల మళ్ల నోరు మూసుకుంటది."

"నేనంత రాక్షసిలెక్క కనవడ్డనా నీకు?"

"లేదు బిడ్డ. సదువుకున్నోళ్లు గద. లెక్కలుంటయి."

"సరే, నా సదువు సంగతి తర్వాత. ఏ నీళ్లతోని తడిపినవ్?"

"నీళ్లే."

"ఉత్త నీళ్లా?"

"యాపాకు గూడ ఏసిన."

"'గూడ' అంటే? యాపాకు ఎందుల ఏసినవ్ గూడ?"

"ఏందమ్మా నువ్వు, పోలీసోళ్ల లెక్క! సచ్చిందేదో సచ్చింది. బస్సు పోతది."

"బస్సు పోతే నా స్కూటీ మీద నేనే తెస్త. ఒక్కటి జెప్పు. సచ్చే ముందు నోట్లకెళ్లి సొల్లు గారిందా?"

"గారింది. మస్తు. తీగలు తీగలుగ. నీకెట్ల తెల్సు?"

"తంబాకు. పెద్దమ్మా, తంబాకు నీళ్లు వోసినవా?"

"చాటల అడుగున మిగిలిన పొడి బిడ్డ. బీడీలకు పనికిరానిది. పారవోసేదే. రాత్రి నానవెట్టి పొద్దుగాల కాగవెట్టిన. గిదేమన్న కొత్తనా? మా అవ్వ జేసింది, మా అత్త జేసింది. బర్రె దూడకు వోసినం, మేకలకు వోసినం, నాటుకోళ్లకు వోసినం. ఒక్కటంటే ఒక్కటి సావలే. బీడీలు చుట్టేటోళ్ల ఇంట్ల గిది దొడ్లె మందు."

"ఎంత పొడి ఏసినవ్?"

"రెండు దోసిళ్లు. ఎప్పటికన్న జర చిక్కగ జేసిన. మస్తున్నయి మరి పేన్లు."

"అది మందు గాదు పెద్దమ్మా. విషం. నోట్ల వోసేదే లేదు, మీద వడితే తోలే తాగుతది. దూడ తోలు మందం, నాటుకోడి ఈక మీద కెళ్లి జారిపోతది, గందుకే మీ అత్త కాలంల ఏది సావలే. గీ పిల్లలకు పల్చటి తోలు, దాని మీద తడిదూది. విషంల ముంచి ఒళ్లంత పట్టీ కట్టినట్టే."

"నేనే సంపిననా? జెప్పు కల్పనా. రోగం గాదా? నేనేనా?"

"కావాలని జేసినవా? మన ఇద్దరి తప్పు. బీడీల ఇంటికి కోళ్లిచ్చుకుంట, తంబాకు దూరం వెట్టుమని నేను గూడ జెప్పలే. నీళ్లు, సలి, పిల్లి, కుక్క అన్ని జెప్పిన, గిదొక్కటి మర్సిన."

"మనుషులకు గూడనా?"

"ఏంది?"

"తోలు తాగుడు. మనుషులకు గూడ తలుగుతదా?"

"ఎందుకు తలుగది? నువ్వేమన్న దానితోని తానం జేసినవా?"

"నేను జెయ్యలే."

"నీ చేతులెట్లున్నయ్?"

"నా చేతులకేమైతది. నలభై ఏండ్ల సంది తంబాకులనే ఉన్నయి. జర తల తిరిగింది, గంతే."

"నీకు అలవాటైంది గనుక తల తిరుగుడుతోని పోయింది. ఇప్పుడిను. ఆ నాలుగింటిని గోరెచ్చని నీళ్లతోని, సబ్బు వెట్టి కడుగు. రెండు నీళ్లు మార్చి కడుగు. తడపద్దన్నది నేనే, ఇప్పుడు తడుపుమనేది నేనే. ఒంటి మీదున్న విషం పోవాలె. పొడి గుడ్డతోని అద్ది బల్బు కింద వెట్టు. ఇన్నవా?"

"ఇన్న."

"అదేం సప్పుడు? పొల్ల లేసిందా?"

"లేవలే. పొర్లింది. ఆగు... ఆఁ. జర కక్కింది మళ్ల. పసరు నీళ్లు. తుడిచిన."

"ఎన్నోసారి?"

"యాది లేదు. నాలుగో, ఐదో. చెమటలు వడుతున్నయి దీనికి, ఫ్యాన్ కిందనే ఉన్నది మరి."

"జామకాయలు ఎప్పుడు తిన్నది?"

"నిన్న మాపటీలి."

"నిన్నటి జామకాయలు ఇయ్యాల రెండింటి దాక కక్కిస్తయా? పెద్దమ్మా, నిజం జెప్పు. తడి కోడిపిల్లలను ఒళ్లె వెట్టుకున్నదా పొల్ల?"

"లేదు. దేవుని మీద ఒట్టు, లేదు. కోళ్లకు వోసేటప్పటికే అది పండుకున్నది. వాటిని ముట్టనే లేదు."

"ముట్టలే గద?"

"ముట్టలే."

"అమ్మయ్య. నా గుండె ఆగినంత పనైంది. సరే, ఫోన్ పెట్టకు. కోళ్ల సంగతి పక్కకు వెట్టు, ముందుగాల ఒక పనిజెయ్యి. మిగిలిన తంబాకు నీళ్లుంటయి గద, గిన్నెతోని సహా తీసుకపోయి దూరం గుంత తీసి పారవొయ్యి. పొల్ల లేసి అందుల చేతులు వెట్టిందంటే కష్టం."

"మిగల్లేదు బిడ్డ."

"మొత్తం కోళ్ల మీదనే వోసినవా?"

"కోళ్లకు వోసినయే మిగిలిన నీళ్లు. మొదాలు పొల్ల నెత్తికే పట్టించిన, గుడ్డ గట్టిగ కట్టి పండవెట్టిన. లేసినంక తలకు పోద్దామని గుడ్డ ఇంక ఇప్పలే."