మెకానిక్‌ను ఎరిగిన కుక్క

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో స్పేర్ పార్టుల దుకాణం. వరికోత మిషన్ కోసం కొన్న కొత్త బెల్టు భుజాన వేసుకుని బయటికొచ్చిన రైతును ఇంకో రైతు ఆపాడు.

"అన్నా, నేను వరికోత మిషన్ కొందామని తిరుగుతున్న. నీదెట్లుంది?"

"కండ్లు మూసుకొని కొనుక్కో తమ్మీ. డీలర్ దేవుడు! ఫోన్ కొడితే గంటల మెకానిక్ పొలంల ఉంటడు."

"మరి ఈ బెల్టేంది?"

"నిన్న తెగింది. పైన మబ్బు పట్టింది, వరేమో కోయకుండనే ఉన్నది. మెకానిక్ మిషన్ కాడ్నే కూసున్నడు, నేనిట్ల ఉరికొచ్చిన."

"అంతకుముందు సుత వచ్చిండా?"

"మొన్న బేరింగ్‌కు, అటు మొన్న చైన్‌కు. ఇంటి మనిషే అయిండు. ఆయనొస్తే మా కుక్క సుత మొరగదు!"

"మా బావది వేరే కంపెనీ మిషన్ అన్నా. కొని మూడేండ్లాయె. వాళ్ల కుక్క ఇంతవరకు మెకానిక్ మొఖమే చూడలే."