ఏటా తవ్వే మడి

వంటగది కిటికీ కింద అక్క పార పట్టుకుని నిలబడింది. పెరటికి అవతలి మూల, గోడ నీడలో, తమ్ముడు అప్పుడే తవ్వడం మొదలుపెట్టాడు.

“బంతి నారుకి ఎండ కావాలి. ఆ నీడలో మడి కడతావేంట్రా?”

“ఇక్కడ మట్టి మెత్తగా ఉందక్కా.”

“ఇక్కడ అంతకంటే మెత్తగా ఉంది. ఈమధ్యే ఎవరో తవ్వినట్టుంది.”

“కుక్కలు తవ్వుంటాయి.”

“కుక్కలే తవ్వి, మళ్ళీ పూడ్చి, పైన ఇటుక కూడా పెట్టాయా? నా చెవిలో పువ్వులు పెట్టకు.”

“పోనీ, అక్కడ గులాబీ పెడదాం. బంతయితే ఎండగానే పీకేసి, ఏటా ఆ చోటంతా మళ్ళీ తవ్వాలి. గులాబీకి ఒక్కసారి తవ్వితే చాలు.”

“ఏటా తవ్వితే నీకేం నొప్పి?”

తమ్ముడు తవ్వడం ఆపి ఆ ఇటుక వైపు చూశాడు.

“ఒరేయ్, నేను ఆస్పత్రిలో ఉన్నప్పుడు నా పిల్లి గోడ దూకి పోయిందన్నావు.”

“అన్నాను.”

“వస్తుందేమోనని నేను రోజూ గిన్నెలో పాలు పోస్తుంటే చూస్తూ ఊరుకున్నావు.”

“నువ్వప్పటికే చిక్కి సగమైపోయి వచ్చావు. ఎలా చెప్పమంటావక్కా?”

అక్క పారను గోడకి ఆనించింది.

“గులాబీయే తే. గొయ్యి మాత్రం కాస్త పక్కకి తవ్వు.”