చివరి గదిలో లేని గొట్టం

పేరు, చిరునామా మీరు ముందు పేజీలో రాసుకున్నారు. వయసు నలభై ఏడు. ఆసుపత్రి భవనాల ప్లాన్లు గీస్తాను. ఇరవై రెండేళ్ళుగా ఒకే ఆఫీసు.

మా ఆఫీసులో ఆర్కిటెక్టుగా ఉన్నది నా తోడికోడలు, మా మరిది భార్య. నాకంటే పదమూడేళ్ళు చిన్న. ఆమెను అక్కడ చేర్పించింది నేనే. ఇది తప్పకుండా రాయండి.

మూడేళ్ళ క్రితం కొత్త ఆసుపత్రి పని వచ్చింది. గదులన్నీ ఒకే కొలతలో ఉండాలని ఆమె పట్టుబట్టింది. ఈరోజు డాక్టరు రోగుల్ని చూసి పంపే గదిలో, రేపు అవసరమైతే మంచం వేసి ప్రాణం మీదికొచ్చినవాళ్ళను ఉంచవచ్చు. అందుకని ప్రతి గది గోడలోనూ ఆక్సిజన్ గొట్టం ముందే వేసి, పైన మూత బిగించాలంది. మంచి ఆలోచనే. కాదని నేనెప్పుడూ అనలేదు.

ఆ ప్లాను చూసిన రోజు మధ్యాహ్నం పన్నెండున్నరకు పెద్దసారు అందరి ముందూ నాతో అన్నాడు: "ఇన్నేళ్ళుగా గీస్తున్నారు కదమ్మా, మీకెప్పుడూ ఇది తట్టలేదేం?"

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. "అక్క దగ్గర నేర్చుకున్నదే సార్" అంది. నవ్వి ఉంటే బాగుండేది.

ఆ రాత్రి భోజనాల దగ్గర మరిది ఈ సంగతి చెప్పాడు. అత్తగారు మురిసిపోయి ఆమెకు ఇంకాస్త కూర వేసింది. నా కంచం వైపు చూడలేదు.

మర్నాడు మంగళవారం, సాయంత్రం నాలుగింటికి, సైటుకు వెళ్ళే ఆఖరి కాపీలో రెండో అంతస్తు చివరి గది గొట్టాన్ని చెరిపేశాను, మూత గుర్తు మాత్రం ఉంచాను. ఒక్క గీత. సైటు ఇంజినీరు పట్టుకుంటాడని, ఆమెకు నాలుగు చీవాట్లు పడతాయని అనుకున్నాను. అంతకంటే ఏమీ అనుకోలేదు. నేను గీసినదాన్ని తిరిగి చూసే అలవాటు అక్కడ ఎవరికీ లేదు. సంతకానికి ఇస్తూ "ఒకసారి చూసుకో" అన్నాను.

"నువ్వు గీశాక ఇంక చూసేదేముందక్కా?" అని సంతకం పెట్టేసింది.

భవనం లేవడానికి పద్నాలుగు నెలలు పట్టింది. పద్నాలుగు నెలలూ నేను చెప్పలేదు. ప్రారంభం రోజున ఆమెను వేదిక మీదికి పిలిచారు. అప్పుడూ చెప్పలేదు.

పోయిన నెల తొమ్మిదిన, జ్వరాలు ప్రబలి మంచాలు చాలక, రెండో అంతస్తు గదుల్ని వార్డుగా మార్చారు. ఉదయం పది ఇరవైకి చివరి గదిలోకి ఒక బస్సు డ్రైవరును తెచ్చారు. మూత తీస్తే వెనక ఉత్త గోడ. అతనితో వచ్చిన సిలిండరు అయిపోయింది. కింద నుంచి ఇంకొకటి తేవడానికి పదకొండు నిమిషాలు పట్టింది. అతను బతకలేదు. నలభై ఒక్కేళ్ళట.

మీరు మా ఇంటికి వచ్చినప్పుడు ఆమె "సంతకం నాది, తప్పూ నాదే" అంది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆఖరి కాపీ గీసింది ఎవరో ఆమెకు తెలుసు. నా వైపు చూడనైనా చూడలేదు.

మీరు ఆమెను స్టేషనుకు తీసుకెళ్ళాక అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ, "ఎంత పెద్ద మనసే దానిది! ఇంకొకరైతే పక్కవాళ్ళ మీదికి నెట్టేసేవాళ్ళు" అంది.

అందుకే వచ్చాను. పశ్చాత్తాపంతో వచ్చానని రాయకండి. ఇందాక బయట బెంచీ మీద డ్రైవరు భార్య ముఖం చూశాక అది కూడా ఉంది, కానీ మొదట వచ్చింది అందుకు కాదు. ఆ గీత చెరిపింది నేను. ఆ ఒక్కటైనా ఆమె ఖాతాలో పడకూడదు.

ఇది నా అంతట నేను చెప్పినది. చదివి వినిపించారు, ఒక్క మాటా మార్చనక్కర్లేదు. అంతా నిజం.

(సంతకం)